మీకు తెలుసా? ఆటకు కళ హోదా, హౌరా వైపు నుంచి కొన్ని సంగతులు

పద్మశ్రీ కోసం ఆగిన బాఁటుల్

హౌరాలోని శిబ్‌పూర్‌లో పుట్టి, జీవితమంతా అక్కడే ఉండి బెంగాలీ పిల్లలను మూడు తరాల పాటు నవ్వించిన బొమ్మల కథకుడు ఒకాయన ఉండేవారని మీకు తెలుసా? పేరు నారాయణ్ దేబ్‌నాథ్. 1925లో పుట్టారు. ఇంట్లో బంగారు నగల వ్యాపారం. నగల నమూనాలు గీస్తూ గీస్తూ చేయి తిరిగింది. ఆర్ట్ కాలేజీలో చేరారు గానీ డిగ్రీ పూర్తి చేయలేదు. 1962లో 'శుక్‌తారా' పత్రికలో 'హాఁదా భోఁదా' మొదలుపెట్టారు. 1965లో గులాబీ రంగు బనియను, నల్ల నిక్కరు, చెప్పుల్లేని కాళ్లతో 'బాఁటుల్ ది గ్రేట్'ను దించారు. 1969లో 'నంటే ఫంటే' వచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో బాఁటుల్ యుద్ధ ట్యాంకులకే ఛాతీ చూపించాడు. పిల్లలు ఎగబడి చదివారు. పెద్దలు మాత్రం ఇది పిల్లల సరుకు అనుకుని పక్కన పెట్టారు.

సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం ఆయనను వెతుక్కుంటూ వచ్చింది 2013లో. అంటే మొదటి బొమ్మల కథ వచ్చిన 51 ఏళ్లకు. 2015లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం డి.లిట్. ఇచ్చింది. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2022 జనవరిలో ఆసుపత్రి మంచం దగ్గరికే పతకం తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, జనవరి 18న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పద్మశ్రీ వచ్చిన విభాగం 'కళ'.

తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవలసిన ముచ్చట ఇంకొకటి ఉంది. అదే 2021 జాబితాలో, అదే కళ విభాగంలో, మన 'చందమామ' శంకర్ గారి పేరు కూడా ఉంది. భుజాన శవాన్ని వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ మన కళ్లలో స్థిరపడిపోయిందంటే అది ఆయన కుంచె పుణ్యమే. ఆయన 2020లోనే వెళ్లిపోయారు కనుక పురస్కారం మరణానంతరం. ఒకరు హౌరా, ఒకరు మద్రాసు. ఇద్దరి బొమ్మలూ పాత పుస్తకాల కొట్లో చిత్తుకాగితాల బరువుకు అమ్ముడుపోయిన కాలం దాటాకే కళ అయ్యాయి.

వీడియో గేములు కళా కాదా అని ఇవాళ వాదించేవాళ్లు ముందు ఈ ఇద్దరి తేదీలు చూసుకుంటే మంచిది.

సినిమా కూడా వ్యాపారమే అన్న కోర్టు

1915లో అమెరికా సుప్రీంకోర్టు సినిమాను శుద్ధ వ్యాపారంగా లెక్కగట్టింది. పత్రికలకు ఉండే స్వేచ్ఛ దానికి వర్తించదని తేల్చింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి 1952 దాకా పట్టింది. అప్పటికి మనకు 'మల్లీశ్వరి', 'పాతాళ భైరవి' రెండూ వచ్చేశాయి! అదే కోర్టు వీడియో గేముల విషయంలో మాత్రం అంత ఆలస్యం చేయలేదు. హింస ఉన్న గేములను పిల్లలకు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011 జూన్‌లో 7-2 తేడాతో కొట్టేసింది. పుస్తకాలు, నాటకాలు, సినిమాల్లాగే గేములూ భావాలను చెబుతాయని తీర్పులో రాసింది.

ఒక విమర్శకుడి మొండితనం

ఈ చర్చను ఇంటింటికీ తెచ్చిన మనిషి గేముల లోకం వాడు కాడు. షికాగో సన్‌టైమ్స్ సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్. విమర్శకు పులిట్జర్ అందుకున్న తొలి సినిమా విమర్శకుడు ఆయనే, 1975లో. 2010 ఏప్రిల్‌లో ఆయన వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని రాశారు. ఆయన పట్టుకున్న తర్కం తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆటలో నియమాలుంటాయి, లక్ష్యం ఉంటుంది, గెలుపు ఉంటుంది. నవలను గెలవలేం, నాట్యాన్ని గెలవలేం, సినిమాను గెలవలేం. అనుభవిస్తాం, అంతే. గెలవడానికి ఉన్నది కళ ఎలా అవుతుంది?

వేల మంది విరుచుకుపడ్డారు. అదే ఏడాది జూలైలో ఆయన కాస్త మెత్తబడి, గేములు ఆడకుండా ఆ మాట అనడం పొరపాటేనని ఒప్పుకున్నారు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. నాకు ఆయన ఓటమి కంటే ఆ ప్రశ్నే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే గేముల తరఫున మాట్లాడేవాళ్లలో చాలామంది 'బొమ్మలు చూడండి, సంగీతం వినండి' అంటారు. బొమ్మ చిత్రకారుడిది, సంగీతం వాద్యకారుడిది. ఆటగా ఆట చేసే పని ఏమిటి? దానికి జవాబు లేకపోతే ఈబర్ట్ గెలిచినట్టే.

ఐదు నిమిషాల జీవితం

ఆ జవాబు దొరికే ఆటల్లో ఒకటి 'పాసేజ్'. జేసన్ రోరర్ అనే అమెరికన్ 2007లో ఒంటిచేత్తో చేశాడు. తెర మీద సన్నటి పట్టీలాంటి స్థలం, అందులో గరుకు చుక్కలతో చేసిన చిన్న మనిషి. ఆట నిడివి సరిగ్గా ఐదు నిమిషాలు. మొదట్లో మనిషి ఎడమ అంచున ఉంటాడు, ముందున్నది మసగ్గా కనిపిస్తుంది. నడుస్తూ ఉంటే ఒక అమ్మాయి ఎదురవుతుంది. ఆమెను తాకితే ఇద్దరూ జంటగా నడుస్తారు, లేదంటే ఒంటరిగా పోవచ్చు.

కిటుకు ఇక్కడుంది. దారిలో నిధిపెట్టెలు ఉంటాయి. వాటిలో కొన్ని ఇరుకు సందుల్లో దాక్కుని ఉంటాయి. ఒంటరి మనిషి ఆ సందుల్లోకి దూరగలడు, జంట దూరలేదు. జంటగా నడిస్తే మాత్రం ముందుకు వేసే ప్రతి అడుగుకూ పాయింట్లు ఎక్కువ వస్తాయి. నడిచేకొద్దీ జుట్టు నెరుస్తుంది, నడుం వంగుతుంది. మనిషి మెల్లగా తెర కుడి అంచుకు జరుగుతాడు. ఇప్పుడు ముందు ఏముందో కాదు, వెనక ఏం జరిగిందో కనిపిస్తుంది. కొంతసేపటికి ఆమె సమాధి అవుతుంది. మరికొంతసేపటికి అతనూ. ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నా ముగింపు ఒకటే.

దీంట్లో ఒక్క మాట లేదు. పెళ్లి గురించి, వయసు గురించి చెప్పదలచుకున్నదంతా 'జంట సందులో పట్టదు' అన్న నియమంలో పెట్టాడు. ఇదే కథను సినిమాగా తీస్తే మనం చూసి ఊరుకుంటాం. ఇక్కడ ఆమెను తాకాలా వద్దా అన్నది మన వేలే నిర్ణయిస్తుంది. గెలవలేని ఆట కనుక ఈబర్ట్ తర్కం దీనికి అంటదు.

నానమ్మ పటంలో ఉన్నది ఇదే

నియమంలో అర్థాన్ని దాచడం కొత్త విద్యేమీ కాదు. వైకుంఠ ఏకాదశి రాత్రి జాగారానికి తెలుగిళ్లలో పరచే పటం గుర్తుందా? పరమపద సోపానం, మన నోటికి వైకుంఠపాళి. మంచి గుణం గడిలో పడితే నిచ్చెన, చెడ్డ గుణం గడిలో పడితే పాము. పైవరుసల దాకా ఎగబాకినవాణ్ణి కూడా పెద్దపాము ఒక్క మింగుతో అడుక్కి దించేస్తుంది. దాని గురించి పురాణం చెప్పక్కర్లేదు. ఇంకో రెండు గళ్లలో వైకుంఠం అనుకున్నవాడు కిందకు జారినప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వుతారు చూడండి, అహంకారం మీద ఉపన్యాసం అక్కడితో పూర్తయిపోతుంది. ఇంగ్లండు వాళ్లు ఈ ఆటను పట్టుకెళ్లి పాపపుణ్యాలు చెరిపేసి ఉత్త పాములు, ఉత్త నిచ్చెనలు మిగిల్చారు. ఆట అలాగే ఉంది, అందులో ఉన్న కవి పోయాడు.

బెంగాలీ ఇళ్లలో దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. 'గోలోక్ ధామ్' అంటారు. గవ్వలు వేసుకుంటూ, నరకాల్లాంటి గళ్లు తప్పించుకుంటూ గోలోకం చేరాలి. హుగ్లీ నది రెండు గట్ల మీద ఉన్న జనపనార మిల్లుల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడ ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో ఏదో ఒకనాడు వైకుంఠపాళి పక్కన గోలోక్ ధామ్ కూడా పరచుకుని ఉంటుందని ఊహించుకోవడం నాకిష్టం.

కోడిపందెగాళ్లకు శుభవార్త

వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళల జాబితాలో జూదాలు ఉన్నాయి, పాచికలాట ఉంది, పిల్లల ఆటబొమ్మలు చేయడం కూడా ఉంది. పొట్టేళ్ల పందేలు, కోడిపందేలు సైతం ఉన్నాయి! భీమవరం వాళ్లు సంక్రాంతికి ఈ ఆధారం వాడుకోవచ్చు. అయితే అదే జాబితాలో చిలకకు మాటలు నేర్పడం కూడా ఉంది కనుక మన వాదనకు దీన్ని పెద్ద సాక్ష్యంగా నిలబెట్టలేం.

నది అవతలి గట్టున పుట్టిన ఆట

హౌరా వంతెన దాటితే కలకత్తా. అక్కడి కళాకారిణి లీనా కేజ్రీవాల్ ఫొటోగ్రాఫర్, ఇన్‌స్టలేషన్లు చేసే మనిషి. ఆడపిల్లలను ఎత్తుకుపోయి అమ్మేసే దందా గురించి 'మిస్సింగ్' పేరుతో ఆమె పని మొదలుపెట్టారు. 2014లో ఢిల్లీ ఇండియా ఆర్ట్ ఫెయిర్‌లో ఆకాశం ముందు నిలబెట్టిన నల్లటి బాలికల ఆకారాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ముఖం లేదు, బట్టల రంగు లేదు, పిల్ల ఆకారంలో ఒక నల్లని కంత మాత్రమే. తర్వాత అదే ఆకారాన్ని ఊళ్లలో గోడల మీద అచ్చుగా వేయించారు.

అంతవరకూ చేసింది కళ అని ఎవరూ కాదనలేదు. 2016లో ఆమె కలకత్తాలోని ఫ్లయింగ్ రోబోట్ స్టూడియోస్ సత్యజిత్ చక్రవర్తితో కలిసి అదే విషయాన్ని ఫోన్ గేముగా విడుదల చేశారు. అందులో మీరు కాపాడడానికి వచ్చిన హీరో కాదు, పోలీసూ కాదు. అమ్ముడుపోయిన పిల్లే మీరు. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవరిని నమ్మాలి, ఎప్పుడు పారిపోవడానికి ప్రయత్నించాలి అన్నవి మీరు తేల్చుకోవాలి. తేల్చుకున్నాక తెలుస్తుంది, ఎటు తిరిగినా గోడే ఉందని. మామూలు గేముల్లో స్వేచ్ఛ అమ్ముతారు. ఈ గేము స్వేచ్ఛ లేకపోవడాన్ని వేళ్లకు తెలిసేలా చేస్తుంది. గోడ మీద నల్లబొమ్మను చూసి అయ్యో అనుకుని వెళ్లిపోగలం. ఇక్కడ ఆ నల్లబొమ్మ లోపలే నిలబడాలి.

హౌరా వంటి పెద్ద స్టేషన్లలో ఒంటరిగా దిగిన పిల్లలను, ఎవరో మాయమాటలు చెప్పి తెచ్చిన పిల్లలను రైల్వే రక్షక దళం వాళ్లు గుర్తించి ఆపడం తరచూ జరిగేదే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ నుంచి హౌరా దాకా ఫోన్‌లో లూడో ఆడుతూ వెళ్లే మనకు, దిగిన ప్లాట్‌ఫాం మీద ఆ పిల్లలు కనబడరు.

కళ పేరిట మొదలైన పని గేము రూపం తీసుకోగానే కళ కాకుండా పోయిందంటే, దానికి కారణం ఎవరైనా నాకు వివరించాలి.

ఆడినవాళ్లు ఏడ్చిన రైలాట

రైలు మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2009లో బ్రెండా రొమెరో అనే గేము రూపకర్త 'ట్రెయిన్' అనే బల్లమీద ఆట చేసింది. ఇది వీడియో గేము కాదు. పసుపు రంగు బొమ్మ మనుషులను సరుకు పెట్టెల్లో కుక్కి గమ్యానికి చేర్చాలి. పోటీ పడి ఆడతారు. చివరికి చేరాక చీటీ తిప్పి చూస్తే ఆ గమ్యం నాజీల మరణశిబిరం. చాలా జాగ్రత్తగా, నియమం తప్పకుండా ఆడిన మనిషే అందరికంటే ఎక్కువ మందిని చావుకు పంపి ఉంటాడు. 'నాకు చెప్పిన పని చేశానంతే' అనే సాకు ఎంత తేలిగ్గా నోటికొస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పిన నవల నేను చదవలేదు.

అద్దాల పెట్టెలో పేక, మీట నొక్కే మ్యూజియం

బంకుడా జిల్లా బిష్ణుపూర్‌లో ఇప్పటికీ చేత్తో రంగులేసి చేసే గుండ్రటి దశావతార గంజీఫా పేకముక్కలున్నాయి. అవతారానికి 12 చొప్పున మొత్తం 120. మన నిర్మల్ చిత్రకారులు కూడా ఒకప్పుడు గంజీఫాలు గీసినవాళ్లే. మ్యూజియంలు వాటిని కళాఖండాలుగా దాచుకున్నాయి, బొమ్మల కోసం. ఆట మాత్రం మరుగున పడిపోయింది.

న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 2012 నవంబరులో ఇంకో దారి పట్టింది. పాక్‌మాన్, టెట్రిస్, సిమ్‌సిటీ 2000, పైన చెప్పిన పాసేజ్ సహా 14 వీడియో గేములను తన సేకరణలో చేర్చుకుంది. వచ్చినవాళ్లు ఆడి చూసేలా ప్రదర్శించింది. పికాసో ఉన్న ఇంట్లో పాక్‌మానా అని లండన్ గార్డియన్‌లో ఒక కళావిమర్శకుడు మండిపడ్డాడు. గమ్మత్తేమిటంటే మ్యూజియం వాటిని చేర్చింది వాస్తుశిల్పం, డిజైన్ విభాగంలో. లోపలికి రానిచ్చారు గానీ పెద్దగదిలో పీట వేయలేదు. ఫ్రాన్స్ ఇంకా ముందుంది. 2006లోనే మారియో సృష్టికర్త మియమోతోతో పాటు ఇద్దరు ఫ్రెంచి గేము రూపకర్తలకు కళాసాహిత్యాల రంగంలో ప్రభుత్వ బిరుదు ఇచ్చింది.

మన దేశం అడిగిన ప్రశ్నలు వేరు

సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని తెలుసా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె.సత్యనారాయణ కేసు. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. రమ్మీ మూడుముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక నైపుణ్యమే ఎక్కువ అని కోర్టు చెప్పింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు దేశంలో ఏ ఆట వచ్చినా న్యాయవాదులు ఈ తెలుగు కేసునే చేతబట్టుకుని 'నైపుణ్యమా, అదృష్టమా?' అని కొట్టుకున్నారు. ఆన్‌లైన్ రమ్మీ మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చినప్పుడూ వాదన ఆ గిరిలోనే తిరిగింది.

2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల్లో చేర్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేముల చట్టం ఆటలను మూడు రకాలు చేసింది: ఈ-స్పోర్ట్స్, సరదా ఆటలు, డబ్బు పెట్టే ఆటలు. మూడోదాన్ని నిషేధించింది. డబ్బు పెట్టి కొంపలు కూల్చుకున్నవాళ్లను చూశాం కనుక దాన్ని తప్పుపట్టను. కానీ గమనించండి. జూదమా అని అడిగాం, నైపుణ్యమా అని అడిగాం, క్రీడా అని అడిగాం, పిల్లల చదువు పాడవుతుందా అని రోజూ అడుగుతున్నాం. 'మిస్సింగ్' లాంటిది ఈ గళ్లలో ఎక్కడ పడుతుంది? 'సరదా' గడిలోనా?

గళ్లు మార్చడం వల్ల ఏమొస్తుంది అనేవాళ్లకు జర్మనీ సంగతి చెప్పాలి. నాజీ స్వస్తిక గుర్తు అక్కడ నిషేధం. సినిమాలకు కళ కింద మినహాయింపు ఉండేది, గేములకు ఉండేది కాదు. హిట్లర్‌ను ఎదిరించే ఆటలో కూడా ఆ గుర్తు చెరిపి అమ్మాల్సి వచ్చేది. 2018 ఆగస్టులో అక్కడి గేముల వర్గీకరణ సంస్థ పద్ధతి మార్చి, కళ దృష్టితో ఒక్కో గేమును విడిగా పరిశీలించడం మొదలుపెట్టింది.

ఇడ్లీతో మొదలయ్యే ఆట

మన వైపు గేముల్లో అందానికి పేరు పడ్డది 'రాజీ'. పుణెలో తయారై 2020లో వచ్చింది, పహాడీ చిత్రాల పోకడలో గోడ బొమ్మలు కథ చెబుతాయి. చూడడానికి ఎంత ముద్దుగా ఉన్నా నా మార్కులు 'వెణ్బా'కే. కెనడాకు వలస వెళ్లిన తమిళ తల్లి కథ. 2023లో టొరంటోలో తయారైంది. తల్లి ఇచ్చిన వంటపుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. ఇడ్లీకి ఏది ముందు, ఏది వెనక అన్నది మనమే ఆలోచించి పట్టుకోవాలి. మరిచిపోయిన వంటను తడుముకుంటూ గుర్తుచేసుకోవడం ఎలా ఉంటుందో అమెరికాలో ఉన్న మన అమ్మాయిలనడగండి. ఆ తడుములాటే ఇక్కడ ఆట. 2024లో స్వతంత్ర గేముల పండుగలో పెద్ద బహుమతి, బ్రిటన్‌లో బాఫ్టా తొలి గేము పురస్కారం దీనికే వచ్చాయి. గోంగూర పచ్చడి మీద ఎవరైనా ఎప్పుడు చేస్తారో చూడాలి. చేతిలో సరుకు ఉన్నవాళ్లు హైదరాబాద్ స్టూడియోల్లో తక్కువేం లేరు.

చట్టం దృష్టిలో సాహిత్యమే

చివరగా ఒక తమాషా. మన 1957 కాపీరైట్ చట్టంలో 'వీడియో గేము' అని విడిగా కృతి రకం లేదు. బొమ్మలు కళాకృతి కింద, పాటలు సంగీతకృతి కింద చూసుకోవాలి. మరి గేమును నడిపించే ప్రోగ్రాం? 1984 సవరణ నుంచి కంప్యూటర్ ప్రోగ్రాం 'సాహిత్య కృతి' లెక్కలోకి వస్తుంది. నవల, కథ, కవిత ఉన్న వరుసలోనే. కాబట్టి మీ పక్కింటి కుర్రాడు రాత్రంతా కూర్చుని గేముకు కోడ్ రాస్తుంటే, చట్టప్రకారం అతను రచయితే.